మియోసిస్‌లో క్రోమోజోములు కాక మిగతావి ఏం చేస్తాయి?

అందరికీ నమస్కారమండీ. మియోసిస్, అంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన, అనగానే లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్ అని దశల పేర్లు గడగడా అప్పజెప్పేస్తాం, కానీ అదే టైంలో ఆ కణంలోని మైటోకాండ్రియా (శక్తినిచ్చేవి), ప్లాస్టిడ్లు (పత్రహరితం లాంటివి ఉండేవి) ఏం చేస్తున్నాయని ఎవరూ అడగరు, పరీక్షలో రాదు కదా. ల్యాబ్‌లోనూ అంతే, ఉల్లి మొగ్గలోంచి పరాగకోశం తీసి, ఎసిటోకార్మిన్ అనే రంగు చుక్క వేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కితే క్రోమోజోములు ఎర్రగా కనిపిస్తాయి, చుట్టూ అంతా ఖాళీ. నిజానికి ఖాళీ ఏం కాదు, కణాలు చెడిపోకుండా ఫిక్స్ చేసేటప్పుడు వాడే ఎసిటిక్ ఆసిడ్‌కే మైటోకాండ్రియా చాలావరకు పాడైపోతాయి, మిగిలినవాటికి ఆ రంగు పట్టదు. కాబట్టి స్లైడ్‌ని మరీ నమ్మకండి.

ఇప్పుడు అరబిడాప్సిస్ చూద్దాం, మన ఆవాల కుటుంబమే. దీని పుప్పొడి మాతృకణంలో మొదటి విభజన అయ్యాక రెండు కేంద్రకాలు వస్తాయి గానీ మధ్యలో గోడ రాదు, ఉల్లిలో, మొక్కజొన్నలో అయితే వెంటనే వచ్చేస్తుంది. మరి గోడ లేని ఒకే కణంలో రెండో విభజనకి రెండు స్పిండిల్స్, అంటే క్రోమోజోముల్ని లాగే పోగుల కట్టలు, లేస్తే అవి ఒకదాంట్లోకి ఒకటి పోవా అంటే, మామూలుగా పోవు, ఎందుకంటే చెల్లాచెదురుగా ఉన్న మైటోకాండ్రియా, ప్లాస్టిడ్లు ముందే వచ్చి సరిగ్గా మధ్యలో చేరిపోతాయి, రెండు మడుల మధ్య గట్టు వేసినట్టు.

ఆ గట్టు నిజంగా పనిచేస్తుందా, ఊరికే అక్కడ ఉందా? జేసన్ అనే జీన్ పాడైన మొక్కల్లో ఆ గట్టు చెదిరిపోతుంది, స్పిండిల్స్ దగ్గరికొచ్చేస్తాయి, విడిపోవాల్సిన క్రోమోజోములు మళ్లీ ఒకచోట చేరతాయి. 2015లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది ఇది. ఫలితంగా 5 క్రోమోజోములు ఉండాల్సిన పుప్పొడి రేణువులో 10 ఉంటాయి, అది మామూలు అండంతో కలిస్తే 15, అంటే మూడు సెట్ల క్రోమోజోములున్న ట్రిప్లాయిడ్. అరటి కూడా ట్రిప్లాయిడే కదా అని మీలో ఎవరో అనుకునే ఉంటారు, నిజమే, క్రోమోజోముల సంఖ్య తగ్గని గామీట్లదే (బీజకణాలదే) అక్కడా పాత్ర, కాకపోతే అరటిలోనూ ఈ గట్టే తెగిందని మాత్రం నేను అనట్లేదు.

నాకు బాగా నచ్చేది ఆంథోసిరాస్ లాంటి హార్న్‌వర్ట్‌లు, అంటే నాచు లాంటి చిన్న మొక్కలు. వాటి సిద్ధబీజ మాతృకణంలో ఉండేది ఒకే ఒక్క ప్లాస్టిడ్, పొరపాటున ఒక సిద్ధబీజానికి అందకపోతే అంతే సంగతులు, అందుకని కేంద్రకం ఇంకా విడిపోకముందే అది రెండుసార్లు చీలి నాలుగై, తలో మూలకీ వెళ్లిపోతుంది, స్పిండిల్ పోగులైన మైక్రోట్యూబుల్స్ కూడా ఆ ప్లాస్టిడ్ల నుంచే బయల్దేరతాయి. అంటే కణం ఎటు చీలాలో అక్కడ ముందే ఖాయం చేసేది ప్లాస్టిడ్లే, క్రోమోజోములు ఆ తర్వాత వస్తాయి.

సరే, ప్రశ్నలుంటే అడగండి, వెనకవాళ్లు కొంచెం గట్టిగా.