చివరి జాడింపు నీళ్లు మురుగు కాదండీ! ఫ్యాక్టరీలో పైపులెన్నో అడగండి

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చివరి జాడింపు తొట్టిలోంచి బయటికి పోయే నీళ్లలో చాలాసార్లు మన పంట కాలువ నీళ్లకంటే తక్కువ ఉప్పు ఉంటుంది. సరిగ్గానే విన్నారండీ. అలాంటి నీళ్లని యాసిడ్ నీళ్లలో కలిపేస్తారు. మొత్తానికీ మురుగు అని పేరు పెట్టేస్తారు. మళ్లీ వచ్చి, గోదావరి నీళ్లు ఇంకా కావాలి అంటారు. నా మంట అక్కడే.

ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీ మన గోదావరి డెల్టా వైపు వస్తే మంచిదా కాదా అని పోయిన వీడియోలో అడిగితే ఎంత గొడవైందో చూశారుగా. గోదావరిని తాగేస్తుందని సగం మంది, ఉద్యోగాలకి అడ్డుపడకు అని సగం మంది. ఫ్యాక్టరీ లోపల కడుగు నీళ్లకి పైపులు ఎన్ని అని మాత్రం ఒక్కరూ అడగలేదు!

నేను చూసింది చెప్తాను. హైదరాబాద్‌లో ఒక బోర్డుల యూనిట్‌కి వెళ్లాను, పేరు వద్దు. కాపర్ ప్లేటింగ్, అంటే బోర్డులకి రాగి పూత వేసే తొట్టిలోంచి, బోర్డులు తగిలించిన ర్యాక్ పైకి లేచింది. బోర్డు అంచుల నుంచి నీలం చుక్కలు టపటపా కారుతున్నాయి. ఆ నీలం కోనసీమ వాళ్లకి కొత్తేం కాదు. కొబ్బరికి బోర్డో మిశ్రమం కలిపే మైలుతుత్తం ఉంది చూడండి, అదే. ఇక్కడ దానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ తోడవుతుంది. చుక్కలు ఆగకముందే కుర్రాడు ర్యాక్‌ని పక్క తొట్టిలో ముంచేశాడు. ‘కాసేపు ఆగొచ్చుగా తమ్ముడూ’ అంటే, ‘టార్గెట్ ఉందన్నా’ అన్నాడు. అతన్ని ఏమంటాం? ఆ నాలుగు క్షణాలు ఆగనివ్వని వాళ్లని అనాలి. అంటుకుని వచ్చిన ప్రతి చుక్కనీ మళ్లీ నీళ్లు పోసి వదిలించాల్సిందే కదా.

జాడింపు తొట్లు మూడు. మొదటిది నీలం, రెండోది లేత నీలం, మూడోది అద్దంలా ఉంది, అడుగు కనిపిస్తోంది. ప్రతి తొట్టికీ విడిగా మంచినీళ్ల కుళాయి. కిందికి వంగి చూస్తే మూడింటి పైపులూ ఒకే గుంటలోకి దిగాయి. ఒళ్లు మండిపోయింది నాకు!

వేసవిలో కాలువలు కట్టేశాక మా అమ్మ గిన్నెలు మూడు బేసిన్లలో కడిగేది. కొత్త నీళ్లు ఎప్పుడూ మూడో బేసిన్‌లోకే. మూడో దాంట్లోవి తర్వాతి వాయికి రెండో దాంట్లోకి, రెండో దాంట్లోవి మొదటి దాంట్లోకి. మొదటి బేసిన్‌లోవి మాత్రమే పెరట్లో అరటి మొక్కకి. ప్లేటింగ్ వాళ్లు దీన్నే కౌంటర్ ఫ్లో అంటారు. గిన్నె ముందుకి వెళ్తుంది, నీళ్లు వెనక్కి వస్తాయి.

లెక్క వినండి. బోర్డులతో పాటు 1 లీటరు ప్లేటింగ్ ద్రావణం అంటుకొచ్చిందనుకోండి. దాన్ని వెయ్యో వంతుకి పలచన చెయ్యాలి. ఒకే తొట్టి అయితే దాదాపు 1000 లీటర్లు. కౌంటర్ ఫ్లోలో రెండు తొట్లు పెడితే సుమారు 32 లీటర్లు. మూడు పెడితే సుమారు 10. వెయ్యి ఎక్కడ, పది ఎక్కడ! ఇంకా ఫిల్టర్ దాకా వెళ్లలేదండీ మనం, ఇది కేవలం తొట్ల వరస మార్చినందుకే.

ఇక ఫిల్టర్. బొగ్గు ఫిల్టర్ ప్లేటింగ్‌లో కలిపే సేంద్రియ పదార్థాల్ని పట్టుకుంటుంది. తర్వాత రెసిన్ గింజలు, అంటే నీళ్లలోని లోహాన్ని పట్టుకునే ప్లాస్టిక్ లాంటి పూసలు, రాగిని పట్టేస్తాయి. గింజలు నిండాక యాసిడ్‌తో కడిగితే రాగి చిక్కగా బయటికొస్తుంది, దాన్ని కరెంటుతో రేకుగా తియ్యొచ్చు. ఆ నీళ్లు ఆర్‌ఓ దాటి మళ్లీ తొట్టిలోకి వస్తాయి. కానీ వేరే తొట్ల నుంచి అమ్మోనియా, ఈడీటీఏ లాంటి రాగిని అంటిపెట్టుకునే రసాయనాలు కలిశాయా, అవి రాగిని వదలవు, మామూలు రెసిన్‌కి సరిగ్గా చిక్కనివ్వవు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిందా, రెసిన్‌నే తినేస్తుంది. అందుకే అంటున్నాను, కలపడమే అసలు నేరం. ఫిల్టర్ కొనడం రెండో మాట, పైపులు విడదీయడం మొదటి మాట.

చిప్ ఫ్యాక్టరీల్లో అయితే పైపుకి వాల్వు పెడతారు. మొదట వచ్చే యాసిడ్ కడుగు ఒక దారికి, ఆ తర్వాత మీటర్ చూసి శుభ్రమైన నీళ్లు రీసైకిల్ దారికి. వాళ్లు మొదట వాడే నీళ్లే 18.2 మెగోమ్ సెంటీమీటర్ నీళ్లు, అంటే కరెంటుని దాదాపు పోనివ్వనంత శుద్ధమైనవి. లవణం దాదాపు సున్నా. తాగడానికి కాదండోయ్, తాగమనట్లేదు నేను. మళ్లీ వాడమంటున్నాను.

ఇంత తెలివున్న తైవాన్‌లోనే 2021 కరువులో ఏమైంది? చిప్ కంపెనీలకి ట్యాంకర్లు తిరిగాయి, వరి పొలాలకి నీళ్లు ఆపేశారు. రైతులకి పరిహారం ఇచ్చారు, నిజమే. మన దాళ్వాకి, అంటే రబీ వరికి, ఆ మాట చెప్తే ఎవరికైనా నిద్ర పడుతుందా? ధవళేశ్వరం కింద సుమారు 10 లక్షల ఎకరాలున్నాయి. వంతుల వారీగా నీళ్లిస్తున్న ఏడాది డెల్టా రైతు ఏం చేస్తాడు? మురుగు కాలువకి అడ్డుకట్ట వేసి, ఇంజిన్ పెట్టి, ఆ నీళ్లే తోడి చేనుకి పెడతాడు. వాడిన నీళ్లని మళ్లీ వాడటం ఈ నేలకి ఒకరు నేర్పాలా?

రాగి ఆ మురుగు కాలువలోకి వస్తే మాత్రం కథ వేరు. చెరువులో నాచుకి మైలుతుత్తం వేసే రొయ్యల రైతుని అడగండి, డోసు కాస్త ఎక్కువైతే ఏమవుతుందో చెప్తాడు. ఇప్పటికే భీమవరం వైపు యనమదుర్రు మురుగు డ్రెయిన్ పక్కన ముక్కు మూసుకుని నడుస్తున్నాం.

నా నమ్మకం ఒకటే. కట్టేటప్పుడే పైపులు విడదీయని ఫ్యాక్టరీకి నీళ్లు మళ్లీ వాడే ఉద్దేశమే లేదు, గేటు మీద ఎన్ని పచ్చ ఆకుల బొమ్మలు వేసుకున్నా సరే. గోడలు లేచాక నేల తవ్వి ఎవడు మారుస్తాడు?

అందుకని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన రోజు ఉద్యోగాలెన్ని అని అడగండి, తప్పులేదు. ఆ వెంటనే డ్రైనేజీ డ్రాయింగ్ పరిచి చూపించమనండి. చివరి తొట్టి పైపు ఎటు పోతుందో వేలు పెట్టి చూపించమనండి. ఆ వేలు ఎక్కడ ఆగిందో ఫోన్‌లో తీసి నాకు పంపండి, వచ్చే వీడియో దాని మీదే.