లోక్‌సభలో రెండో పీఠం ఎందుకు ఖాళీగా ఉండకూడదు?

వ్యాఖ్యాత: నమస్కారం. 543 మంది సభ్యులుండే లోక్‌సభకు స్పీకర్‌తో పాటు డిప్యూటీ స్పీకర్‌ను కూడా ఎన్నుకోవాలని రాజ్యాంగంలోని 93వ అధికరణ చెబుతోంది. అయితే 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ లేకుండానే పదవీకాలం ముగించుకుంది. దాని తర్వాతి సభ తొలి ఏడాది కూడా అలాగే గడిచింది. ఆచార్యులుగారూ, దీన్ని ఎంత తీవ్రంగా పరిగణించాలి?

న్యాయశాస్త్ర ఆచార్యులు: చాలా తీవ్రంగానే పరిగణించాలండి. వీలైనంత త్వరగా ఇద్దరినీ ఎన్నుకోవాలని చెప్పిన అధికరణకు, గడువు పెట్టలేదు కాబట్టి ఐదేళ్లూ ఊరుకోవచ్చని అర్థం తీయడం అన్యాయం. డిప్యూటీ స్పీకర్ స్పీకర్ కింద పనిచేసే అధికారి కాదు, నేరుగా సభకే జవాబుదారీ. స్పీకర్ రాజీనామా చేయదలిస్తే ఆ లేఖను రాష్ట్రపతికి కాక డిప్యూటీ స్పీకర్‌కే పంపాలి.

వ్యాఖ్యాత: కానీ సభ నడుస్తూనే ఉంది కదా అని అడిగేవారున్నారు.

పార్లమెంటు వ్యవహారాల విలేఖరి: ఆ వాదనలో కొంత నిజముంది. స్పీకర్ పది మందికి మించకుండా ప్యానెల్ స్పీకర్లను నియమిస్తారు. రోజువారీ చర్చలు వారితో సాగిపోతాయి. చిక్కు వచ్చేది అనుకోని రోజున. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి, అమలాపురం ఎంపీ, స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు మరణించారు. అప్పుడు బడ్జెట్ సమావేశాలు జరుగుతున్నాయి. మే నెలలో మనోహర్ జోషి ఎన్నికయ్యేదాకా సభ బాధ్యతలు మోసింది డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్. ఆయన లక్షద్వీప్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు, అంటే ప్రతిపక్షం మనిషి. అయినా వాజ్‌పేయీ ప్రభుత్వానికి ఆయన అధ్యక్షతలో సభ నడవడం అడ్డంకి కాలేదు.

ఆచార్యులు: ఆ సమయంలో ఆయన లేకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. రెండు పదవులూ ఖాళీ అయితే ప్యానెల్ సభ్యులకు ఆ అధికారం ఉండదు. 95వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఒక సభ్యుణ్ని నియమించాలి. రాష్ట్రపతి నడుచుకునేది మంత్రిమండలి సలహా మీదే కాబట్టి, సభ ఎన్నుకోవలసిన మనిషిని ప్రభుత్వం ఎంచినట్టవుతుంది. ఇంకో సందర్భం నన్ను మరీ కలవరపెడుతుంది. స్పీకర్‌ను తొలగించాలన్న తీర్మానం చర్చకు వచ్చినప్పుడు ఆయన అధ్యక్షత వహించకూడదు. డిప్యూటీ స్పీకర్ లేకపోతే ఆ చర్చను నడిపేది, ఆ స్పీకరే నియమించిన ప్యానెల్‌లోని వ్యక్తి కావచ్చు. అటువంటి చర్చ నిష్పక్షపాతంగా సాగిందని ప్రతిపక్షం ఎలా నమ్ముతుంది?

వ్యాఖ్యాత: దీనికి రాజ్యాంగ సవరణ అవసరమా?

విలేఖరి: అక్కర్లేదండి. డిప్యూటీ స్పీకర్ ఎన్నిక తేదీని స్పీకర్ నిర్ణయిస్తారని లోక్‌సభ నియమావళిలోని 8వ నియమం చెబుతోంది. కొత్త సభ కొలువుదీరిన తర్వాత ఇన్ని రోజుల్లోపు అని ఆ నియమంలోనే చేర్చవచ్చు.

ఆచార్యులు: అంగీకరిస్తాను. తన నియమాలను తానే చేసుకునే అధికారం 118వ అధికరణ సభకు ఇచ్చింది. అయితే నియమావళి సంఘానికి అధ్యక్షుడు కూడా స్పీకరే కనుక, ఆ ప్రతిపాదన అన్ని పక్షాల సభ్యుల నుంచీ రావాలి, స్పీకర్ దాన్ని వెంటనే చేపట్టాలి.