గర్భంలో బీపీ వస్తే పుట్టే బిడ్డ మనసుకు ఏమైనా అవుతుందా?

(స్క్రీన్ మీద ఫోన్. వాట్సాప్ ఫార్వర్డ్.)

మొన్న రాత్రి పదకొండింటికి మా చెల్లి నాకో ఫార్వర్డ్ పంపింది. "కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఉంటే పుట్టే పిల్లలకి ఆటిజం గ్యారంటీ" అని ఎర్రక్షరాల్లో, పక్కన ఏడుస్తున్న పాప బొమ్మ. (ఆటిజం అంటే మాటలో, నలుగురితో కలవడంలో పిల్లలు వేరుగా ఎదగడం.) కింద చెల్లి రాసింది ఒక్క ముక్కే: "అన్నయ్యా, ఇది నిజమేనా?" దానికి ఏడో నెల. బీపీ ఉందని తేలి అప్పటికి వారం. ఇక దానికి నిద్రేం పడుతుంది!

నేను డాక్టర్ని కాదు. దొరికినంత చదివి, చెల్లిని చూసే డాక్టరమ్మని విసిగించి తెలుసుకున్నది చెప్తున్నా.

(సూర్యారావుపేట వీధి. ఆసుపత్రి బోర్డులు.)

ముందు ఆ బీపీ ఎలా బయటపడిందో వినండి. విజయవాడ సూర్యారావుపేట తెలుసు కదా, ఏ సందులో చూసినా డాక్టర్ల బోర్డులే. మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ నుంచి ఆటోలో వచ్చాం, లిఫ్ట్ పనిచెయ్యట్లేదు, రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడిన పిల్లకి నర్సు వెంటనే జాకెట్ చెయ్యి మీదే పట్టీ చుట్టేసింది. సీమంతం గాజులు గలగలమంటున్నాయి, చెల్లేమో ఆటోవాడి గురించి మాట్లాడుతూనే ఉంది. 152/96. "మెట్లెక్కి వచ్చిందమ్మా, అందుకే" అంది మా అమ్మ, నర్సు అడక్కముందే.

అమ్మ చెప్పింది సగం నిజం. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి ఊరికే కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి, పట్టీ బట్ట మీద కాదు ఒంటి మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా ఆసరా మీద పెట్టాలి, నోరు మెదపకూడదు. అలా కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 146/94కి దిగింది. ఇంటికెళ్లి సాయంత్రం వచ్చాక ఇంకోసారి చూస్తే 144/92. కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే గర్భంలో బీపీ ఉన్నట్టే లెక్క. అంటే మెట్లు కొంత పెంచాయి గానీ, మెట్ల వల్ల వచ్చిన బీపీ కాదది.

మరెందుకొచ్చింది? "బాగా టెన్షన్ పడుతోంది, అందుకే" అని మా ఇంట్లో అందరూ తేల్చేశారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే జబ్బు వచ్చిన మనిషి మీదే నేరం కూడా వేస్తున్నాం.

(బ్యారేజీ, బందరు కాలువ షాట్.)

మన డెల్టా వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. గర్భసంచిలో సన్నటి, మెలికలు తిరిగిన రక్తనాళాలుంటాయి. కడుపు పండిన మొదటి నెలల్లో మాయ తాలూకు కణాలు వాటిలోకి చొరబడి, పిల్లకాలువని తవ్వి బందరు కాలువంత చేసినట్టు, వెడల్పు చెయ్యాలి. కొందరిలో ఆ తవ్వకం సరిగ్గా జరగదు. అప్పుడు శివారు పొలానికి నీరందనట్టు మాయకి రక్తం చాలదు, అది ఇబ్బందిపడి కొన్ని పదార్థాలని తల్లి రక్తంలోకి వదులుతుంది, అవి ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. బీపీ పెరుగుతుంది, కిడ్నీల నుంచి ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు, ఐదో నెల దాటాక బయటపడుతుంది. గర్భంలో వచ్చే ప్రతి బీపీ ఇదే కాదు, ముందునుంచీ ఉన్న బీపీ వేరు, ప్రొటీన్ గానీ వేరే అవయవాలకి దెబ్బ గానీ లేకుండా వచ్చేది వేరు.

సరే, బిడ్డ మనసు సంగతి. సంబంధం అసలు లేదని నేను చెప్పను. 2018లో జామా సైకియాట్రీ అనే పత్రికలో చాలా అధ్యయనాలని కలిపి లెక్కేసిన వ్యాసం వచ్చింది: గర్భంలో బీపీ ఉన్న తల్లుల పిల్లల్లో ఆటిజం సుమారు 35 శాతం, ఏడీహెచ్‌డీ (ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం) సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించాయి. ఫిన్లాండ్ వాళ్లు ఇంకా దూరం వెళ్లారు, హెల్సింకిలో 1934 నుంచి 1944 మధ్య పుట్టినవాళ్లని ముసలితనం దాకా గమనించారు. తల్లికి గర్భంలో బీపీ ఉన్న మగవాళ్లు 69 ఏళ్ల వయసులో ఆలోచనా సామర్థ్యం పరీక్షల్లో మిగతావాళ్లకన్నా సగటున 4 పాయింట్లు వెనకబడ్డారు. ఆ తల్లుల కాలంలో బీపీకి ఇప్పుడున్న మందులు లేవు, అది మర్చిపోకండి.

(స్క్రీన్ మీద వంద చుక్కలు.)

30 శాతం అనగానే గుండె ఆగుతుంది కదా. వందమంది పిల్లల్ని తీసుకోండి. మామూలుగా ఓ ఐదుగురికి ఏడీహెచ్‌డీ ఉంటుంది. 30 శాతం పెరిగితే ముప్పై ఐదు కాదు, ఆరు, ఆరున్నర. తొంభైమూడు మందికి ఏడీహెచ్‌డీ లేదు. "గ్యారంటీ" అని రాసినవాడికి ఈ లెక్క తెలియదో, తెలిసే రాశాడో!

పైగా ఆ ఒకటిన్నర కూడా బీపీ ఒక్కదాని ఖాతాలోనే వెయ్యలేం. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, తల్లి షుగర్, ఊబకాయం, కుటుంబంలో వచ్చే జన్యువులు, అన్నీ కలిసే ఉంటాయి. ఏది ఎంతో విడదీయడం పరిశోధకులకే కష్టం.

నా మటుకు అసలు భయపడాల్సింది ఇరవయ్యేళ్ల తర్వాతి సంగతికి కాదు, ఈ వారానికి. తగ్గని తలనొప్పి, కళ్లముందు మెరుపులో మసకో, కుడివైపు డొక్క కింద నొప్పి (దీన్ని గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు మనవాళ్లు), ఉన్నట్టుండి ముఖం, చేతులు వాచిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. బీపీ 160/110 దాటినా అంతే. దాటితే ఫిట్స్ రావచ్చు, మా అమ్మమ్మ తరం గుర్రపువాతం అనేది దాన్నే.

ఇంకో ముఖ్యమైన మాట. మా పక్కింటి పిన్నిగారు ఎంతో ప్రేమగా "మీ నాన్న వేసుకునే బీపీ మాత్రే సగం వెయ్యండి" అంది. నాన్నది టెల్మిసార్టాన్. గర్భిణికి అది ఇవ్వకూడదు, కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. గర్భంలో వాడేవి వేరే ఉన్నాయి, లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివి, అవి కూడా డాక్టర్ రాస్తేనే. ముప్పు ఎక్కువున్నవాళ్లకి మూడో నెల దాటాక చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు, అదీ డాక్టర్ నిర్ణయమే. చప్పిడి కూడు పెట్టినంత మాత్రాన ప్రీఎక్లాంప్సియా రాకుండా ఆగదు. గోంగూర పచ్చడి డబ్బా దాచేశాక మా చెల్లి ముఖం చూడాల్సింది!

కాన్పు అయ్యాక కూడా బీపీ మిషన్ అటకెక్కించకండి, మూడు నుంచి ఆరు రోజుల మధ్య మళ్లీ పెరగొచ్చు. డిశ్చార్జ్ కాగితం జాగ్రత్తగా పెట్టి, పిల్లల డాక్టర్‌కి చూపించండి. మాటలో, చూపులో, ఆటలో ఏదైనా ఆలస్యం అనిపిస్తే త్వరగా పట్టుకోవడానికి పనికొస్తుంది.

(మళ్లీ ఫోన్ స్క్రీన్.)

ఆ రాత్రి చెల్లికి ఇదంతా రాయలేదు. "గ్యారంటీ ఏమీ లేదు. ఏడీహెచ్‌డీ అయినా వందలో ఐదుగురు అయ్యేచోట ఆరు, ఆరున్నర, అంతే. నీ బీపీ ఇప్పుడెంత?" అని పెట్టాను. కాసేపటికి జవాబు వచ్చింది: "చూసుకోలేదు. పొద్దున్నే వచ్చి చూడు. జాకెట్ చెయ్యి పైకి మడిచి కూర్చుంటా, నువ్వు మాత్రం మాట్లాడించకు."