ఏ నూనె పని ఆ నూనెదే

పెద్దలకు, అమ్మలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

నూనె అనగానే ఇప్పుడు మనకు వంటింట్లోని ప్యాకెట్టే గుర్తొస్తోంది. వేపుడుకీ, ఊరగాయకీ, దీపానికీ అదే వాడేస్తున్న ఇళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉంటూ ఇలా చేయడం నాకు బాధగా ఉంటుంది. మన మెట్ట పొలాల్లో నువ్వులు, వేరుశనగ పండుతాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి ఉన్నాయి. పక్కనే ఉన్న సీతంపేట కొండల్లో ఇప్పచెట్లున్నాయి. ఇన్ని నూనెలిచ్చే నేల మీద ఉండి కూడా, దేశం మొత్తం లాగే మనమూ దిగుమతి నూనె మీద ఆధారపడ్డాం. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది.

నువ్వుల సంగతి చూడండి. గింజ బరువులో దాదాపు సగం నూనే. ఆవకాయకి ఆ నూనే ఎందుకు పోస్తారు? రుచి ఒక కారణం. ఆ నూనెలో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాలు దాన్ని త్వరగా చెడి కంపు కొట్టనివ్వవు. ముక్క మునిగేలా పోస్తే గాలి తగలదు, బూజు పట్టదు. గానుగలో నూనె దిగాక మిగిలిన తెలగపిండిని మునగాకుతో కూర వండి బాలింతకు పెట్టేవారు. నూనె పోయినా మాంసకృత్తులు పిండిలోనే ఉంటాయి కదా! ఆ కూర తెలియని పిల్లలు ఇక్కడ చాలామంది ఉంటారు. ఇంటికెళ్లి అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి.

కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడితే కల్తీ అని కంగారు పడకండి. సుమారు 24 డిగ్రీల కింద గడ్డకట్టడం దాని గుణం. ఇప్పనూనే అంతే. ఇక మన కొబ్బరి గురించి చెప్పాలంటే 2018 అక్టోబరు 11 తలచుకోక తప్పదు. తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని నేలకూల్చింది. పడిన చెట్టు చోట పెట్టిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది.

ఆముదం దీపానికి, విరేచనానికి వాడతామని మనకు తెలుసు. వేడిలోనూ కందెనగా బాగా పనిచేసే చిక్కటి జిగట దానిది. అందుకే మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఇంజన్లలో కూడా దాన్ని పోశారు.

బజ్జీల మూకుడు గురించి ఒక్కమాట. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తుంటే పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదన్న నిబంధన 2018లోనే అమల్లోకి వచ్చింది. నల్లబడి, జిగటగా మారి, నురగ కడుతున్న నూనెను పారబోయండి. డబ్బు పోయిందని బాధపడకండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న నూనె. పలాసలో జీడిపిక్క తొక్కలో ఉండే నూనె. పైతొక్కకీ లోపలి తొక్కకీ మధ్య తేనెపట్టు గదుల్లాంటి వాటిలో అది నిండి ఉంటుంది. అనకార్డిక్ ఆమ్లం ఉండటం వల్ల ఒంటికి తగిలితే చర్మం పొక్కుతుంది, నల్లబడి ఊడుతుంది. పరిశ్రమకు మాత్రం అది విలువైన సరుకు. రంగుల్లో, వార్నిష్‌లో, బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు. మనం ఎక్కిన బస్సు ఘాట్ రోడ్డులో ఆగిందంటే అందులో అలాంటి నూనె పాత్ర కూడా ఉండొచ్చు.

ఆ పిక్కలు కొట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చేతులకు వేరే నూనో, బూడిదో రాసుకుని కూర్చుంటారు. ఒక నూనె కాటు నుంచి ఇంకో నూనె కాపాడాలి! తొడుగులు వేసుకోవచ్చు కదా అని బయటివాళ్లు తేలిగ్గా అంటారు. తొడుగుతో వేళ్లు చురుగ్గా ఆడవు. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట పని తగ్గితే కూలీ తగ్గుతుంది. కాబట్టి తొడుగులు పంచేసి ఊరుకుంటే సరిపోదు. తొడుగు వేసుకున్నందుకు తగ్గే కూలిని కూడా యజమాని భరించాలి. జీడి వ్యాపారం చేసేవారు ఈ సభలో ఉంటే, వాళ్లను నేను అడిగేది ఇదే: వచ్చే సీజన్ రేటు కట్టేటప్పుడు ఆ చేతుల్ని కూడా లెక్కలో వేయండి. కార్మికశాఖ నుంచి ఎవరైనా వచ్చి ఉంటే, రేట్లు మాట్లాడే రోజున దయచేసి మీరూ అక్కడ కూర్చోండి.