సీటు కింద కేరేజీ: థ్రిల్లర్‌కి మొదటి మూడు నిమిషాలు

విజయనగరంలో షార్ట్ ఫిల్ములు తీస్తున్న మిత్రులందరికీ నమస్కారం.

థ్రిల్లర్ అనగానే మొదటి షాట్‌లోనే శవాన్ని పడుకోబెట్టేస్తాం. శవాన్ని చూసినవాడికి ‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న పుడుతుంది. అది మిస్టరీ. గుండె దడ వేరు. తెర మీద మనిషికి తెలియని సంగతి మనకి ముందే తెలిసిపోయినప్పుడు పుడుతుందది. ఎవరికి ఎంత తెలుసన్న ఈ లెక్క మొదట్లోనే తేలకపోతే, తర్వాత ఎన్ని ఛేజింగులు పెట్టినా సినిమా ఏ జాతిదో ప్రేక్షకుడికి అంతుపట్టదు.

ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) ఆరంభం చూడండి. ఒక చెయ్యి బాంబుకి టైమర్ తిప్పుతుంది. బాంబు కారు డిక్కీలోకి చేరుతుంది. కెమెరా క్రేన్ మీద లేచి సరిహద్దు ఊరి వీధుల్లో ఆ కారుతో పాటే సాగుతుంది, మూడు నిమిషాలకి పైగా ఒక్క కట్ లేకుండా. ఎందుకు కట్ చెయ్యలేదు? కట్ పడితే మధ్యలో ఎంతసేపు గడిచిందో మనకి లెక్క తప్పుతుంది. కట్ లేదు కనక టైమర్‌తో పాటు మనమూ సెకన్లు లెక్కపెడుతూ కూర్చుంటాం.

ఆ షాట్ మీద స్టూడియో టైటిళ్లూ, హెన్రీ మాన్సినీ సంగీతమూ పరిచింది. మార్పులు కోరుతూ వెల్స్ స్టూడియోకి రాసిపెట్టిన 58 పేజీల మెమో ప్రకారం 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేసినప్పుడు టైటిళ్లు తీసేశారు. సంగీతం బదులు వీధి చప్పుళ్లు, కారు రేడియో వినిపించారు. రేడియో పెరిగితే బాంబు దగ్గరకొస్తున్నట్టు, తగ్గితే దూరమవుతున్నట్టు. రెండు కూర్పులూ ఒకదాని వెంట ఒకటి చూడండి. రెండోదే గట్టిదని నా అభిప్రాయం.

దీన్నిప్పుడు మన గంటస్తంభం దగ్గరకి తెద్దాం. క్రేన్ అక్కర్లేదు, షేర్ ఆటో చాలు. మొదటి షాట్: కేరేజీ మూతకి కట్టింగ్ ప్లేయరుతో తీగ బిగిస్తున్న చేతులు, నాలుగు సెకన్లు, ముఖం వద్దు. రెండోది: ఆ కేరేజీని మడమతో సీటు కిందకి నెట్టడం, మూడు సెకన్లు. మూడోది: అతను దిగి, చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోవడం. ఇక అక్కణ్ణుంచి ఆటో లోపల ఒకటే షాట్, నిమిషం పైన. ఎవరో జీడిపప్పు ధర గురించి మాట్లాడుతుంటారు. గతుకు తగిలినప్పుడల్లా సీటు కింద స్టీలు గలగలమంటుంది. చివరికి ఒక టీచరమ్మ వంగి చూసి, “అయ్యో, ఎవులిదో కేరేజీ ఒగ్గీసి ఎలిపోనారు” అంటూ దాన్ని ఒళ్లో పెట్టుకుంటుంది. టైటిల్ అక్కడ పడాలి. మొదటి షాట్ తీసేస్తే ఇదంతా ఆటోలో కబుర్లు. ఆ షాట్‌నే చివరికి పెడితే ఒక్క క్షణం ఉలికిపాటు, అంతే.

పాడయ్యేది ఎక్కువగా శబ్దం దగ్గరే. నడుస్తున్న ఆటోలో ఇంజను మాటల్ని మింగేస్తుంది. ఆటో ఆపి, ఇంజను కట్టేసి మాటలు, గలగల విడివిడిగా రికార్డు చెయ్యండి. ఇంజను చప్పుడు ఒక నిమిషం వేరే తీసుకుని కింద పరచండి. టీచరమ్మ చెయ్యి కేరేజీకి తగిలే ముందు దాన్ని బాగా తగ్గించండి. భయపెట్టే సంగీతం మొదటి నుంచీ మోగిస్తే, ఆ గలగల ఎవరి చెవికీ చేరదు. పిక్చర్‌కొస్తే, సెకనుకి 24 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే దుకాణాల ట్యూబులైట్లు చారలు కట్టవు. ఊరి మీంచి డ్రోన్ షాట్‌తో మొదలుపెట్టే అలవాటు మానుకోండి. అంత ఎత్తు నుంచి మడమ కనిపించదు.

ఎడిట్ అయ్యాక, కథ తెలియనివాళ్లకి చూపించి టీచరమ్మ వంగకముందే ఆపండి. ‘ఇప్పుడు దేన్ని చూస్తున్నావు?’ అని అడగండి. జీడిపప్పు మాట్లాడే మనిషిని అన్నారంటే రెండో షాట్‌లో మడమ వాళ్ల కంట్లో పడలేదన్నమాట. ఇంకో సెకను పెంచి, ఈసారి వేరే మనిషికి చూపించండి.