పోక్సో కేసుల్లో పిల్లల మాట చాలదా? డీఎన్‌ఏ ఉండాల్సిందేనా?

(హైదరాబాద్ స్టూడియో చర్చ, రాతరూపం)

యాంకర్: పోక్సో, అంటే 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు కొట్టేశారని తెలిసిన ప్రతిసారీ ఇదే గొడవ. మెడికల్ రిపోర్టులో ఏమీ లేకపోతే శిక్షెలా వేస్తారని ఒకరు, పాప చెప్పింది చాలదా అని ఇంకొకరు. మేడమ్, డీఎన్‌ఏ ఉంటే ఈ గొడవే ఉండదు కదా?

మాజీ పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్): తాకిన కేసులో డీఎన్‌ఏ ఎక్కడ వెతుకుతారండీ? బిడ్డ సాక్ష్యం నమ్మేలా ఉంటే అదొక్కటే చాలు. సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పింది!

డాక్టర్: గాయం కనిపించకపోవడం మామూలే. చిన్నపిల్లల్లో తొందరగా మానిపోతుంది, ఫిర్యాదేమో వారాల తర్వాత వస్తుంది. 'గాయాల్లేవు' అని రాసి ఊరుకోకూడదు. ఎన్ని రోజుల తర్వాత చూశాం, మధ్యలో స్నానం చేసిందా, బట్టలు ఉతికారా, అన్నీ రాయాలి. లేకపోతే ఆ రెండు ముక్కలే క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్‌కు ఆయుధమవుతాయి.

యాంకర్: అందుకే వెంటనే డీఎన్‌ఏ తీస్తే...

డాక్టర్: 96 గంటల్లోపు వస్తే స్వాబ్, అంటే దూదిపుల్లతో నమూనా తీస్తాం. తడి బట్టలు నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే బూజు పట్టి నమూనా పాడవుతుంది.

డిఫెన్స్ లాయర్: రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లేదాకా ఆ నమూనా ఎవరి దగ్గరుంది, సీలు ఎవరు వేశారు? 48 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలని 2025 జులైలో కట్టవెళ్లై కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాతలో తేడా వస్తే...

మాజీ పీపీ: డీఎన్‌ఏ పక్కన పెట్టండి! కేసు పోయేది వయసు దగ్గర. జువెనైల్ జస్టిస్ చట్టం 94 ప్రకారం ముందు స్కూలిచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. లేకుంటే మున్సిపాలిటీది. రెండూ లేకుంటేనే ఎముకల పరీక్ష. బడి మారేటప్పుడిచ్చే టీసీ చాలదని 2023లో యువప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా దర్యాప్తు అధికారులు టీసీ జతచేసి చేతులు దులుపుకుంటారు. 17 ఏళ్ల పాప కేసులో ఆ లోపమొక్కటే చాలు, పోక్సో నిలవదు.

యాంకర్: సీసీ ఫుటేజీ అయినా...

డిఫెన్స్ లాయర్: కొత్త సాక్ష్య చట్టం 63 కింద సర్టిఫికెట్, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) సహా ఉండాలి. అసలు మాట వినండి. ముద్దాయే నేరం చేశాడని కోర్టు ముందుగా భావించాలనే పోక్సో సెక్షన్ 29 అనగానే ముద్దాయి దోషి అయిపోడు. వయసు, ఘటన ముందు ప్రాసిక్యూషనే నిరూపించాలి. మేజిస్ట్రేట్ ముందిచ్చిన స్టేట్‌మెంట్ (పాత 164, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 183) దానంతటదే సాక్ష్యం కాదు, బిడ్డ కోర్టులో చెప్పాలి...

మాజీ పీపీ: ఎప్పుడు చెప్పనిస్తున్నారు? కేసు కోర్టు విచారణకు తీసుకున్న 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలని పోక్సో సెక్షన్ 35. నెలల తరబడి వాయిదాలు వేయించి, ఆనాడు మంగళవారమా బుధవారమా అని ఎనిమిదేళ్ల పిల్లను అడుగుతారు! ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలని సెక్షన్ 33, ముద్దాయి కంటబడకుండా తెర ఉండాలని 36.

డిఫెన్స్ లాయర్: తల్లి చెప్పిన మాటలే బిడ్డ పొల్లుపోకుండా చెబితే నేర్పించారేమోనని కోర్టు చూడాలి కదా?

మాజీ పీపీ: చూడాలి. చొక్కా రంగు తప్పు చెప్పడం వేరు, చేసిందెవరో మాట మార్చడం వేరు. ఏడాది తర్వాత పిలిస్తే రంగులే కాదు, రోజులూ మర్చిపోతారు. ఆలస్యం చేసింది పెద్దవాళ్లు, అబద్ధమాడిందన్న ముద్ర బిడ్డకు!

యాంకర్: డాక్టర్‌గారూ, చివరిగా, డీఎన్‌ఏ తప్పనిసరి చేస్తే...

మాజీ పీపీ: తప్పనిసరి చేస్తే డీఎన్‌ఏ లేని పిల్లల కేసులన్నీ స్టేషన్ గడప దాటవు!

డిఫెన్స్ లాయర్: నా ప్రశ్నకు జవాబివ్వలేదు మేడమ్, సెక్షన్ 29...

యాంకర్: సమయం లేదు సార్. బ్రేక్ తీసుకుందాం.