విండోస్ 11కి మారాక వైఫై తెగిపోతోందా? ముందు ఎక్కడ తెగుతోందో పట్టుకుందాం

(తెర మీద: టాస్క్‌బార్ మూల. వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వస్తుంది, కాసేపటికి మళ్లీ వైఫై గుర్తు)

నమస్తే అండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పటిదాకా "తర్వాత చూద్దాంలే" అని నెట్టుకొచ్చిన వాళ్లంతా వరసపెట్టి విండోస్ 11కి మారారు, ఇంకా మారుతూనే ఉన్నారు. మారిన వాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే. నిన్నటిదాకా బాగానే ఉన్న వైఫై ఇప్పుడు ఉన్నట్టుండి పోతోంది, దానంతట అదే వస్తోంది. గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్లతో కాల్‌లో ఉంటే గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ మూత వేసి తీస్తే అసలు వైఫై పేర్లే కనపడవు.

అప్పుడు మనం చేసేదేంటంటే, వెతికితే దొరికిన చిట్కాలన్నీ ఒకదాని మీద ఒకటి చేసేయడం. డీఎన్‌ఎస్ మార్చేయ్, ఐపీవీ6 తీసేయ్, నెట్‌వర్క్ రీసెట్ కొట్టేయ్. తలనొప్పికి తలగడ మార్చినట్టు. పొరపాటున బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలీదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. అందుకని ఈ వీడియోలో ముందు ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోం. తెగేది ఎక్కడో చూస్తాం, తర్వాతే చెయ్యి పెడతాం.

అంతకంటే ముందు ఒక చిన్న మాట. అప్‌గ్రేడ్ అయిన రోజే ఏదీ తేల్చేయకండి. మొదటి రోజు విండోస్ వెనకాల అప్‌డేట్లు, డ్రైవర్లు (వైఫై కార్డు లాంటి భాగాల్ని విండోస్‌తో నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్లు), స్టోర్ యాప్‌లు దించుకుంటూ ఉంటుంది, వన్‌డ్రైవ్ ఉంటే అది కూడా ఫైళ్లు సరిచూసుకుంటూ ఉంటుంది, నెట్ నెమ్మదించడం మామూలే. విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి అన్నీ అయ్యేదాకా ఆగి, తర్వాత రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదండి, రీస్టార్ట్. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటుంది, అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే పైకి తెస్తుంది. డ్రైవర్ తిక్క తిక్కగా ఉంటే ఆ తిక్క కూడా అలాగే వస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి.

(తెర మీద: పక్కపక్కనే రెండు నల్ల కిటికీలు)

సరే, అసలు పని. ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, అదే వైఫై పేరుకి కనెక్ట్ చేయండి. ల్యాప్‌టాప్‌లో నెట్ పోయిన ఆ క్షణంలోనే ఫోన్‌లో కూడా పోతే గొడవ విండోస్‌ది కాదు, రూటర్‌దో మీకు నెట్ ఇచ్చే కంపెనీదో. ఫోన్ బాగానే ఉండి ల్యాప్‌టాప్ ఒక్కటే కొట్టుకుంటుంటే ముందుకెళ్దాం.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబర్ కనపడుతుంది, 192.168.1.1 కావచ్చు, 192.168.0.1 కావచ్చు, జియో ఫైబర్ వాళ్లకి మామూలుగా 192.168.29.1 ఉంటుంది. అది మీ రూటర్. ఇప్పుడు పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబర్ వేసి, మళ్లీ ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి పక్కనే టి (-t) కొట్టండి. పింగ్ అంటే అవతలికి చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపించేది. రెండో కిటికీ తెరిచి అదే పని 8.8.8.8కి చేయండి, అది గూగుల్ వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్ (డీఎన్‌ఎస్ అంటే వెబ్‌సైట్ పేరు చెప్తే దాని నంబర్ వెతికి ఇచ్చేది), బయట ప్రపంచం అనుకోండి. రెండూ అలా నడుస్తూ ఉండనివ్వండి, మీ పని మీరు చేసుకోండి.

కాసేపు చూస్తే మీకే తెలిసిపోతుంది. రూటర్ కిటికీలో 2 మిల్లీసెకన్లు, 3, 2, 5 అని నిలకడగా వస్తూ, 8.8.8.8 కిటికీలో మాత్రం రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పడుతుంటే, మీ వైఫై నిక్షేపంగా ఉంది, బయట లైన్ పోతోంది. డ్రైవర్ జోలికి వెళ్లక్కర్లేదు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఈ రెండు కిటికీల ఫొటో చూపించండి, "ఒకసారి రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అనే మాట దగ్గరే ఆగిపోకుండా ఉంటారు. అలా కాకుండా రూటర్ కిటికీలోనే 3, 4, 3, ఉన్నట్టుండి 900, తర్వాత రెండు టైమ్డ్ అవుట్లు, మళ్లీ 3 అని వస్తుంటే, తెగేది మీ ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్యే. మూడో రకం కూడా ఉంది. రెండు కిటికీలూ బాగానే ఉంటాయి కానీ వెబ్‌సైట్లు తెరుచుకోవు. అప్పుడు మాత్రమే డీఎన్‌ఎస్ మార్చడంలో అర్థముంది. ఆపాలంటే కంట్రోల్, సి.

(తెర మీద: రిపోర్ట్ గ్రాఫ్, ఎర్ర గుండ్రాలు దగ్గరగా)

మధ్యలోనే తెగుతోందని తేలింది కదా, ఎందుకు తెగుతోందో విండోస్‌నే అడుగుదాం. ఇది విండోస్‌లోనే ఉంది, ఎందుకో జనం అసలు వాడరు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరవండి. తెర మీద ఉన్న ఈ కమాండ్ కొట్టండి: నెట్‌ఎస్‌హెచ్, డబ్ల్యూలాన్, షో, డబ్ల్యూలాన్‌రిపోర్ట్ (netsh wlan show wlanreport). చివరి మాట మొత్తం కలిపి రాయాలి, మిగతా వాటి మధ్య ఖాళీ ఉండాలి. రిపోర్ట్ ఎక్కడ దాచిందో అదే చెప్తుంది, ఆ దారిని కాపీ చేసి బ్రౌజర్‌లో పెట్టండి. గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నీ ఒక గ్రాఫ్‌లో ఉంటాయి. ఎర్ర గుండ్రం కనపడితే దాని మీద నొక్కండి, కింద ఆ సంఘటన వివరం తెరుచుకుంటుంది. డ్రైవర్ డిస్‌కనెక్టెడ్ వైల్ అసోసియేటింగ్ లాంటివి మాటిమాటికీ కనపడుతుంటే దొంగ దొరికినట్టే. ఎర్ర గుండ్రాలన్నీ మూత వేసి తీసిన సమయాలకే పడుతుంటే అనుమానం పవర్ సెట్టింగ్ మీదికి వెళ్లాలి.

నా లెక్క ప్రకారం అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే వైఫై తంటాల్లో ఎక్కువ శాతం డ్రైవర్ దగ్గరే తేలతాయి. అప్‌గ్రేడ్‌లో విండోస్ మీ పాత డ్రైవర్‌ని తీసి తన దగ్గరున్నది పెట్టేసి ఉండొచ్చు. డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు చూడండి, ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్. రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ వెలుగుతూ ఉంటే ముందు అదే నొక్కండి. బూడిద రంగులో ఉంటే అప్‌డేట్ డ్రైవర్, తర్వాత బ్రౌజ్ మై కంప్యూటర్, తర్వాత లెట్ మీ పిక్. ఇక్కడ ఒకే కార్డుకి రెండు మూడు వెర్షన్లు కనపడే అవకాశం ఉంది, పాతది ఎంచుకుని ఒక రోజు వాడి చూడండి.

అదీ లేదంటే ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీకి వెళ్లి, అడుగున స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబర్ కొట్టి, మీ మోడల్‌కి వాళ్లు ఇచ్చిన విండోస్ 11 వైఫై డ్రైవర్ దించండి. కొత్తదే మంచిదని ఏం లేదండి, మీ మెషీన్‌కి కుదిరింది మంచిది. డ్రైవర్ అప్‌డేటర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ల జోలికి దయచేసి వెళ్లొద్దు, ఒక సమస్య పోయి నాలుగు వస్తాయి. ఇంకోటి, పాత డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందే కొత్తది దించి పెట్టుకోండి. నెట్ లేకుండా ఇరుక్కుపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే పని నడుస్తుంది.

ఇప్పుడు పవర్ సంగతి. అదే ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది, కరెంటు ఆదా కోసం ఈ కార్డుని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతి ఇచ్చే టిక్ ఒకటి ఉంటుంది, అది తీసేయండి. నిద్రలోంచి లేచాక వైఫై రాని వాళ్లకి చాలాసార్లు ఇదే మందు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనపడకపోవచ్చు, మోడరన్ స్టాండ్‌బై (మూత వేసినా కొద్దిగా మేలుకునే ఉండే కొత్త రకం నిద్ర) ఉన్నవాటిలో అది ఉండదు, వెతుక్కుని టెన్షన్ పడకండి.

పక్కనే అడ్వాన్స్‌డ్ ట్యాబ్. డ్రైవర్ మారినప్పుడు ఇందులో మీరు ఎప్పుడో పెట్టుకున్నవన్నీ పోయి మొదటి స్థితికి వస్తాయి, ఇది ఎవరికీ గుర్తుండదు. ముఖ్యంగా ప్రిఫర్డ్ బ్యాండ్, అంటే వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ దారుల్లో ముందు దేన్ని పట్టుకోవాలో చెప్పేది. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ ఒకే పేరు ఉంటే ల్యాప్‌టాప్ ఇటు కాసేపు అటు కాసేపు ఊగుతూ, మారిన ప్రతిసారీ కాల్ తెగుతుంది. 5ని ఎంచుకోండి. లేదా రూటర్‌లోనే రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టండి. అపార్ట్‌మెంట్లలో 2.4 అంటే రద్దీయే, ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 మూడే, మీ ఫ్లోర్‌లో ఉన్న రూటర్లన్నీ వాటిలోనే సర్దుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా అక్కడే. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌కి ఆనుకుని ఉన్నా 2.4 సిగ్నల్ దెబ్బతింటుంది, ఇంటెల్ వాళ్లే 2012లో దాని మీద ఒక పత్రం రాశారు. తీసి చూడండి, ఒక్క నిమిషం పని.

పాత వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికో మరొకదానికో నెట్‌ని వేరే దారిలో తిప్పే సాఫ్ట్‌వేర్), యాంటీవైరస్ ఉన్నవాళ్లు ఇది వినండి. అవి నెట్‌వర్క్ కార్డు మధ్యలో తమ ఫిల్టర్ డ్రైవర్ ఒకటి దూరుస్తాయి, అప్‌గ్రేడ్ తర్వాత అది కొత్త విండోస్‌తో పొసగకపోతే వైఫై అడ్డం తిరుగుతుంది. 2015లో విండోస్ 8.1 నుంచి 10కి మారినప్పుడు కొందరికి వైఫై పేర్లే కనపడకుండా పోయింది, పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వదిలిన ముక్క వల్లేనని మైక్రోసాఫ్టే చెప్పింది. పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, వైఫై కుదురుకున్నాక కొత్త వెర్షన్ వేసుకోండి.

ఇంట్లో బాగానే ఉండి కాలేజీలోనో ఆఫీసులోనో మాత్రమే కనెక్ట్ కాకపోతే కథ వేరు. 2023 డిసెంబర్‌లో విండోస్ 11 అప్‌డేట్ ఒకటి వచ్చాక, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే 802.1ఎక్స్ రకం వైఫైకి కొన్ని కార్డులు కనెక్ట్ కాలేదు, మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని సరిచేసింది. ఇలాంటిది మీ చేతుల్లో ఉండదు, అక్కడి ఐటీ వాళ్లకి చెప్పి ఊరుకోండి.

నెట్‌వర్క్ రీసెట్ ఇన్నిటి తర్వాత. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. నొక్కితే సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, వీపీఎన్‌లు మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. పాస్‌వర్డ్ రాసిపెట్టుకుని నొక్కండి.

దేనికీ లొంగకపోతే, అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది, విండోస్ 10కి వెనక్కి వెళ్లొచ్చు. వెళ్తే మాత్రం పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోండి, ఇళ్లలో వాడేవాళ్లకి అవి 2026 అక్టోబర్ 13 వరకే. పది రోజులు దాటిపోయి, కార్డు పాతదై, కంపెనీ విండోస్ 11 డ్రైవర్ ఇవ్వడమే మానేస్తే ఆ కార్డుతో కుస్తీ పట్టడం దండగ. లోపలి కార్డు మార్పించాలంటే మీ మోడల్‌కి ఏది సరిపోతుందో ముందు అడగండి, కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్ (ఆన్ చేయగానే మెషీన్‌ని లేపే లోపలి సాఫ్ట్‌వేర్) వేరే కార్డుని ఒప్పుకోదు. ఆ తలనొప్పి వద్దనుకుంటే 5 గిగాహెర్ట్జ్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి, పెట్టాక డివైస్ మేనేజర్‌లో పాత కార్డుని డిసేబుల్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే విండోస్ మళ్లీ దాన్నే పట్టుకుంటుంది.